కాఫీ గింజకు ఊరిపేరు

బడిపంతులు కాఫీచరిత్ర వ్రాయ కూర్చుండెనా యని చదువరులలో కొందఱు నవ్వవచ్చును. నవ్వుదురు గాక. తెల్లవారి లేచినది మొదలు మన యిండ్లలో పొయ్యిమీది కెక్కు మొదటి గిన్నె కాఫీకొఱకే యైనప్పుడు, ఆ గిన్నెలోనికి వచ్చిన వస్తువు ఎక్కడిదో, దానిని పండించిన వారెవరో విచారించుట పంతులపనియే యని మా తలంపు.

మామిడిపండు కొనునప్పుడు బంగినపల్లిదా, నూజివీటి రసమా యని యడిగి కాని మనము బేరమాడము. మిరపకాయ యన్న గుంటూరుపేరు చెప్పవలెను. పూతరేకు లన్న ఆత్రేయపురమువి కావలెను. చీర పోచంపల్లిదా, గద్వాలుదా, వేంకటగిరిదా యని ఆడువారు అంచు చూచియే చెప్పగలరు. కాఫీవిషయమున మాత్రము మన ప్రశ్న యొక్కటే: చిక్కగా నున్నదా, లేదా? రోజునకు రెండుమాఱులు త్రాగు వస్తువునకు ఊరు లేదు, పేరు లేదు.

ఇటీవల విశాఖపట్టణము, హైదరాబాదు వంటి నగరములలో క్రొత్తరకపు కాఫీయంగళ్లు వెలసినవి. అచ్చట ఒక విధమైన కాఫీకి పాలు పోయరు. చక్కెర యడిగినచో తెచ్చువాడు మనలను కొంచెము జాలిగా చూచును. గాజుపాత్రమీద గరాటు, గరాటులో కాగితము, కాగితములో కాఫీపొడి, దానిమీద కొంగమెడవంటి కొమ్ముగల కూజాతో సన్నని నీటిధార. దీనిని వారు పోరోవరు అందురు. మేము ధారకాఫీ యని పిలుచుకొనుచున్నాము. ఎదుటి పలకమీద గింజ పుట్టిన దేశముపేరు, కొండపేరు, ఒక్కొక్కచోట తోటపేరు సైతము వ్రాసియుండును. మిత్రు డొకడు మమ్ము మొదటిసారి తోడ్కొనిపోయిననాడు ఒక కప్పు వెల 300 రూపాయలని విని, ఇది ధనవంతుల వేడుక యని తీర్పు చెప్పి లేచి వచ్చితిమి. ఆ తీర్పు తొందరపాటుదని తెలియుటకు కొంత చరిత్ర చదువవలసి వచ్చినది.

కాఫీచెట్టునకు పుట్టినిల్లు ఇథియోపియాదేశపు నైరృతిభాగమునందలి కొండయడవులు. అచ్చటినుండి అది యెఱ్ఱసముద్రము దాటి యెమెనుదేశపు కొండవాలులలోని మెట్లపొలములకు చేరినది. 15వ శతాబ్దమున అక్కడి సూఫీసాధువులు రాత్రిజపములలో నిద్ర రాకుండుటకు దీనిని త్రాగుచుండిరి. తరువాత చాలకాలము ప్రపంచమునకు కాఫీ దొరకుచోటు యెమెనే. గింజ పండినది కొండమీద. ఓడ యెక్కినది మోకా యను రేవున. కొన్నవారు రేవునే కాని కొండను చూడలేదు. అందుచేత గింజకు రేవుపేరే నిలిచినది. సముద్రమున కవతలితీరమున హరారు ప్రాంతమున పండిన గింజయు మోకాపేరనే అమ్ముడుపోయినది. 17వ శతాబ్ది చివర డచ్చివారు జావాద్వీపమునకు మొక్కలు కొనిపోయి తోటలు వేయించిరి. వర్తకులకు దొరికిన రెండవపేరు జావా. అంత పెద్దద్వీపమునకు, అందులోని యన్ని కొండలకు, ఆ కొండలమీద వెట్టిచాకిరి చేసిన రైతులందఱకును కలిపి ఆ యొక్కపేరే. పిమ్మట రెండుపేర్లును గుదిగ్రుచ్చి మోకాజావా యను మిశ్రమము నమ్మిరి.

వర్తకులు సరే, శాస్త్రజ్ఞులైనను న్యాయము చేసిరా యన్న, అదియు లేదు. లిన్నేయసు పండితుడు 1753లో ఈ చెట్టునకు కాఫియా అరాబికా యని నామకరణము చేసెను. ఆఫ్రికాలో పుట్టిన బిడ్డకు అరబ్బుల యింటిపేరు! వస్తువు ఎక్కడ కొనబడునో అదియే దాని పుట్టుకయని లోక మనుకొనును. ఇది కాఫీకి మాత్రమే పట్టిన గతి కాదు. మన మచిలీపట్టణపు రేవుపేరు తెలిసిన దొరలకు ఆ యద్దకపుబట్టల నేసిన పల్లెలపేర్లు ఎన్ని తెలిసియుండును?

మనదేశమునకు కాఫీ వచ్చిన కథ చాలమంది యెఱిగినదే. బాబాబుడన్ అను ఫకీరు మక్కాయాత్రనుండి మరలుచు ఏడుగింజలు దాచి తెచ్చి, మైసూరు రాజ్యపు చంద్రగిరికొండలలో నాటెననియు, అది 1670 ప్రాంతమున జరిగెననియు చెప్పుదురు. కథలో నిజమెంతయైనను ఆ కొండలకు ఆయనపేరు నిలిచినది. తెచ్చినవానిపేరు కొండకు పెట్టిరి. కొండపేరు కాఫీకి పెట్టుటకు మాత్రము చాలకాలము పట్టినది.

పేరు పోవుటకు వర్తక మొక్కటే కారణము కాదు. కాచుపద్ధతియు కారణమే. తురుష్కులు పొడిని నీటిలో వేసి మరగించి, మడ్డి అడుగునకు దిగిన పిదప పైతేట త్రాగుదురు. మరగినకొలది చేదు పైకి వచ్చి, సున్నితమైన వాసనలు ఆవిరితో పోవును. 1800 ప్రాంతమున పారిసునగరపు ప్రధానమతాచార్యుడు ద బెల్వా పేర నొక పాత్ర వెలసినది: పైయరలో పొడి, క్రిందియరలో రసము, నడుమ సన్నని రంధ్రముల రేకు. మరగించుట మాని పైనుండి వేడినీరు పోయుట అందలి విశేషము. రమ్‌ఫర్డు ప్రభువు 1812లో కాఫీమీద నొక వ్యాసమే వ్రాసి, మరగించినచో పరిమళము పోవునని వాదించెను. మన యింటి యిత్తడిఫిల్టరు ఆ వంశములోనిదే. అయితే రేకురంధ్రములనుండి మెత్తనిపొడియు నూనెయు క్రిందికి జాఱును. రసము చిక్కగా, మసకగా దిగును. దానికి తోడు చికోరీ. నెపోలియను 1806లో ఆంగ్లేయుల సరకులను ఐరోపాకు రానీయక నిషేధించినప్పుడు కాఫీకి కఱవు వచ్చి, చికోరీవేళ్లను వేయించి కలుపుకొను వాడుక అచ్చట బలపడెను. కఱవు తీరెను, వాడుక మిగిలెను. సముద్రములు దాటి మనకును వచ్చెను.

మా తల్లిగారు తీసిన డికాషనుకు సాటి మేమెఱుగము. దానిని నిందించుటకు మాకు నోరు రాదు. అది పాలు, చక్కెర, చికోరీ, గింజ కలిసి పాడిన బృందగానము. అందులో గింజగొంతు వేఱుగా వినబడదనుట నింద కాదు, నిజము.

ఆ గొంతు వేఱుగా వినిపించిన ఘనత ఒక గృహిణిది. జర్మనీలో డ్రెస్డెను పట్టణమున మెలిట్టా బెంట్సు అను నామె యుండెను. కాఫీలోని మడ్డి పంటికి తగులుటయు, చేదు నాలుకను పట్టుటయు ఆమెకు గిట్టలేదు. 1908లో ఆమె యొక యిత్తడిపాత్ర అడుగున మేకుతో రంధ్రములు పొడిచి, తన కుమారుని వ్రాతపుస్తకమునుండి అద్దుడుకాగితము చించి అందులో పఱచి, పొడివేసి వేడినీరు పోసెను. క్రిందికి దిగిన రసము తేటగా నుండెను. బడిపిల్లవాని పుస్తకమునుండి కాగితము చింపినందుకు లోకమునకు మేలు కలిగిన సందర్భము మా యెఱుకలో నిదియొక్కటే. ఆమె ఊరకుండక ఆ యేడే బెర్లినులోని రాజకీయ పేటెంటుకార్యాలయమున తన ఉపాయమును నమోదు చేయించెను. డిసెంబరు 15వ తేదీన 73 ఫెన్నిగుల మూలధనముతో వ్యాపారము నమోదయ్యెను. నూఱు ఫెన్నిగు లొక మార్కు. అనగా పూర్తిగా నొక మార్కైనను లేదు. పని చేసినవారు భర్తయు, కుమారులును. మరుసటియేడు లైప్‌జిగు సంతలో వెయ్యికిపైగా ఫిల్టరులు అమ్ముడుపోయినవి. 1929లో కర్మాగారము మిండెను పట్టణమునకు మాఱినది. గుండ్రని గిన్నె పోయి నేటి గరాటు ఆకారమును, దానికి తగిన కాగితపుసంచియు 1930ల దశకమున వచ్చినవి. సంసారముచేయు స్త్రీకి శాస్త్రబుద్ధి యెక్కడిదని యడుగువారు నేటికిని మా యుపాధ్యాయుల గదిలో లేకపోలేదు. వారికి మేమీ కథను పలుమాఱులు చెప్పితిమి.

కాగితము చేసినపని చిన్నదిగా కనబడును. అది సన్నని పొడిని, నూనెలో చాలభాగమును పట్టియుంచును. ఆ నూనెలో కాఫెస్టాలు అను పదార్థము కలదనియు, అది రక్తములోని కొలెస్టరాలును పెంచుననియు, కాగితము దానిని ఆపుననియు తరువాత వైద్యులు కనుగొనిరి. అది యట్లుండ నిండు. మాకు ముఖ్యమైనది రుచి. మసక తొలగినంతనే ఒకదేశపు గింజకును మఱియొకదేశపు గింజకును గల భేదము నాలుకకు దొరకినది. న్యూయార్కులో పీటర్ ష్లుంబోం అను రసాయనశాస్త్రజ్ఞుడు 1941లో కెమెక్సు అను గాజుపాత్రను నిర్మించెను. అది యిసుకగడియారమువలె నడుము సన్ననిది. ఆ నడుమునకు కఱ్ఱపట్టీ, తోలుత్రాడు. దాని కాగితము దళసరి. ఆ పాత్ర ఆ నగరపు ఆధునికకళాప్రదర్శనశాలలో చోటు సంపాదించినది. జపానులో 1921లో ప్రయోగశాలల గాజుసామాను చేయుటకు స్థాపితమైన హారియో సంస్థ, ఈ శతాబ్దమున 60 డిగ్రీల కోణముగల గరాటును చేసినది. దాని లోపల మెలికలు తిరిగిన గట్లు, అడుగున నొకటే పెద్దరంధ్రము. రంధ్రము పెద్దదగుటచే నీటివేగమును నిర్ణయించునది గరాటు కాదు, పోయువాని చేయి.

మేమును ఒకటి కొంటిమి. పద్ధతి చెప్పుట అనుచితము కాదనుకొందుము. గింజలు 15 గ్రాములు తూచి అప్పటికప్పుడే బొంబాయిరవ్వవలె విసరుకొనవలెను. కాగితమును ముందు వేడినీటితో తడిపినచో కాగితపువాసన పోవును. నీరు 250 గ్రాములు. వేడిమి 92 మొదలు 96 డిగ్రీల వఱకు. మొదట 40 గ్రాముల నీరు మాత్రము పోసి అరనిమిషము పైచిలుకు ఆగవలెను. వేయించినప్పుడు గింజలో చిక్కుకొన్న బొగ్గుపులుసువాయువు వెలికివచ్చి పొడి దోసెపిండివలె పొంగును; పొంగనిచో గింజ పాతదని తెలిసికొనవలెను. తరువాత మిగిలిన నీటిని చుట్లుచుట్లుగా, తొందరలేక, మొత్తము మూడునిమిషములలో ముగియునట్లు పోయవలెను. మొదట కరగి వచ్చునది పులుపు, పిదప తీపి, కడపట చేదు. 1950ల దశకమున అమెరికాలో లాకుహార్టు అను రసాయనశాస్త్రాచార్యుడు పొడితూకములో నూటికి 18 మొదలు 22 పాళ్లు నీటిలో కరగినచో రుచి కుదురునని లెక్కకట్టెను. తక్కువైన పులుపు మిగులును. ఎక్కువైన చేదు మీఱును. మా మొదటివారపు కాఫీ యంతయు చింతపండుచారే యని మాయింటివారి తీర్పు. వారితో వాదించుటకు మాకు ఆధారము లేకపోయినది.

చేయి కుదిరిన పిదప తెలిసినది, ఈ కాఫీ దేనిని దాచదని. గింజను నల్లగా మాడ్చినచో అన్ని దేశముల గింజలు నొక్కటే బొగ్గు. దోరగా వేయించి కాగితముగుండ వడియగట్టినప్పుడు ఇథియోపియాలోని యిర్గచెఫె గింజలో మల్లెవాసన, నిమ్మతొక్కవాసన మాకు తోచినవి. మొదట నమ్మక రెండుసార్లు చూచితిమి. అంతకంటె ముఖ్యమైన సంగతి యొకటున్నది. కాఫీపండ్లు ఒక్కకొమ్మమీద నొక్కసారి పండవు. పండినదానిని కోసి, పచ్చిదానిని విడిచి, వారముల తరువాత మరల అదే చెట్టునొద్దకు రావలెను. కొమ్మను దూసి పచ్చివి పండినవి కలిపి కోసినచో కప్పులో పచ్చివాసన, వగరు. పండు తొక్క తీసిన నాడే తగినట్లు పులియబెట్టి కడిగి యెండబెట్టనిచో పుల్లనికంపు. చికోరీయు పాలును ఈ తప్పులను క్షమించును, కాగితము క్షమింపదు. అందుచేత ధారకాఫీలో మనము రుచిచూచునది మట్టిని, గాలిని మాత్రమే కాదు. కోసిన చేతి యోపికను.

ఈ యోపికకు వెల గట్టవలెనని పట్టుపట్టినది మఱియొక స్త్రీ. నార్వేలో పుట్టి అమెరికాలో పెరిగిన యెర్నా నూట్సెను శాన్‌ఫ్రాన్సిస్కోలో నొక కాఫీదిగుమతిదారు నొద్ద గుమాస్తాగా నుండెను. రుచిచూచు బల్లయొద్దకు స్త్రీ రాగూడదని అచ్చటి పురుషులు చాలకాలము అడ్డుపడిరి. ఆమె పట్టువిడువక చేరెను. పెద్దవర్తకులు తక్కువ పరిమాణమని త్రోసిపుచ్చిన చిన్నచిన్న దిగుమతులను కొని, వానిని వానిపేరనే యమ్మెను. ప్రత్యేకమైన నేల, ప్రత్యేకమైన గాలి ప్రత్యేకమైన రుచి నిచ్చునని, అట్టి గింజలకు స్పెషాలిటీ కాఫీ యను పేరును 1974లో నొక వర్తకపత్రికలో వాడెను. 1982లో ఆ పేరున అమెరికాలో సంఘమేర్పడినది. నేడు నూటికి 80 గుణములు, అంతకు పైన తెచ్చుకొన్న గింజకే ఆ గౌరవము.

మనదేశమున నిదేకాలమున కథ వేఱుగా నడచినది. రెండవప్రపంచయుద్ధమున ఐరోపా విపణులు మూతపడి మన కాఫీతోటలవారు దివాలాకు సిద్ధమైనప్పుడు, 1942 కాఫీచట్టముచే రైతు పండించిన గింజ యంతయు కాఫీబోర్డునకే ఒప్పగించవలెనని యేర్పాటైనది. బోర్డు అందఱి గింజలను రాశిపోసి, తరగతులుగా విడదీసి, వేలమువేసి, వచ్చిన సొమ్మును వాయిదాలుగా పంచెను. ఆపత్కాలమున అది తోటలను నిలిపినదనుట నిజము. దానిని నిందించుట కృతఘ్నత. కాని ఆపద గడచిన పిమ్మటను రాశి మిగిలినది. పండిన పండునే యెంచి కోసినవాని గింజయు, కొమ్మ దూసినవాని గింజయు తరగతి యొకటైనచో ఒకటే రాశిలో పడినవి. ఎంచి కోయుటకు రైతునకు కారణమేమి? ఇది యేబదియేండ్లు నడచెను. 1992 మొదలు 1996 లోపల మెట్టుమెట్టుగా బంధము సడలి, రైతు తన గింజను తానే యమ్ముకొను స్వేచ్ఛ వచ్చినది. యెర్నా నూట్సెను ఆ మాట వాడిన యిరువదియేండ్లకు కాని మన కొండలకు తమపేరు చెప్పుకొను వీలు కలుగలేదన్నమాట.

ఇక మన తెలుగునాటి కొండలు. తూర్పుకనుమలలో కాఫీ 19వ శతాబ్ది చివర గోదావరిమన్యమున పాములేరులోయలో మొదట నాటబడెననియు, అచ్చటినుండి విశాఖమన్యమునకు ప్రాకెననియు చెప్పుదురు. అరకు, పాడేరు, చింతపల్లి ప్రాంతములు అప్పటికి పోడుసేద్యపు సీమలు. అడవి నరికి కాల్చి రెండుమూడేండ్లు విత్తి, నేల సత్తువ తగ్గగానే మఱియొక వాలునకు పోవుట అచ్చటి వాడుక. గిరిజనుడు అడవిని పాడుచేయుచున్నాడని పట్టణమున కూర్చుండి తీర్పు చెప్పినవారు పెక్కుమంది. ఆ యడవి కలపతో ఎవరి మేడలకు ద్వారబంధము లమరినవో వారు లెక్కచూడలేదు. నీడలేనిచో ఈ కాఫీ పండదు. కావున కాఫీ వేసిన కుటుంబము చెట్టును నిలుపుకొనవలెను: సిల్వరు ఓకు నీడ, ఆ చెట్టుకు ప్రాకించిన మిరియపుతీగ, క్రింద కాఫీ. పోడుకు బదులు ఎకరమో రెండెకరములో తోట గిరిజనులచే వేయించవలెనను ప్రభుత్వప్రయత్నము ఇట్లు బలపడినది. 1956లో స్థాపితమైన గిరిజనసహకారసంస్థ గింజలు కొనుచున్నది. అయినను సంతలో ముందుగా అప్పిచ్చి, తూకములో తనపాలు తీసికొను షావుకారు మాయమయ్యెనని చెప్పజాలము.

2017లో పారిసునగరమున అరకుపేరనే యొక కాఫీయంగడి తెఱవబడినది. 2019లో అరకులోయ అరాబికా యను పేరునకు కూర్గు, చిక్కమగళూరు, బాబాబుడనుగిరి అరాబికాలతోను, వయనాడు రొబస్టాతోను కూడ భౌగోళికసూచిక లభించినది. 2023లో ఢిల్లీలో జరిగిన 20 దేశముల సభకు వచ్చిన అధినేతలకు మనప్రభుత్వ మిచ్చిన కానుకలలో అరకుకాఫీ యొకటి. 2022లో పాడేరు ముఖ్యపట్టణముగా ఈ మన్యమునకు అల్లూరి సీతారామరాజుపేర జిల్లాయే యేర్పడినది. మోకారేవు కాలమునుండి చూచినచో ఇది చిన్నవిజయము కాదు: రేవుపేరు పోయి కొండపేరు వచ్చినది. విశాఖపట్టణమువంటి పెద్దరేవు చెంతనే యుండియు కాఫీకి దానిపేరు పడలేదు!

అయితే అరకు అనునది యొక యూరిపేరు, ఒక లోయపేరు. ఆ పేరున అమ్ముడుపోవు గింజ వందలకొలది పల్లెలది. బగతలు, కొండదొరలు, వాల్మీకులు, కోటియాలు, పోర్జాలు, కోందులు పండించునది. మోకా యెమెనును కప్పినట్లు అరకు ఈ పల్లెలను కప్పుచున్నదా యని మాకొక శంక. ఆ శంకకు కారణము చెప్పెదము.

మా యొద్ద చదువుకొన్న మన్యపు పిల్లవాడొకడు ఇప్పుడు తానే యుపాధ్యాయుడు. క్రిందటి సంక్రాంతికి తన తల్లిని వెంటబెట్టుకొని మాయింటికి వచ్చెను. ఆమెకు ఎకరము తోట కలదు. ఇరువదియేండ్లుగా కాఫీపండ్లు కోయుచున్నది. ఇంట త్రాగునది అంబలియు, అప్పుడప్పుడు సంతలో కొన్న తేయాకుతో టీయును. మేము నగరములో కొన్న అరకుగింజల సంచి విప్పి, తూచి, విసరి, ఆమె యెదుటనే ధార పోసితిమి. పొడి పొంగుట చూచి ఆమె ముందుకు వంగినది. కప్పు చేతికిచ్చితిమి. వాసన చూచినది, ఒక గుటక వేసినది.

"పాలు పొయ్యరా, బాబూ?" అని యడిగినది.

కొడుకు నవ్వి, దీనిని నగరములో ఇట్లే త్రాగుదురనియు, కప్పు మూడువందలనియు చెప్పెను. ఆమె నమ్మలేదు. కొడుకు మా బల్లమీది కాగితముపై లెక్కవేసెను: కప్పుకు 15 గ్రాములు, కిలోకు 66 కప్పులు, 19,800 రూపాయలు. తనకు సంతలో కిలోకు ముట్టిన వెల యెంతో ఆమె చెప్పలేదు, మేమును అడుగలేదు. చల్లాఱిన కొలది రుచి మాఱు నని చెప్పితిమి. ఆమె మెల్లమెల్లగా కప్పు ముగించి, సంచిని చేతిలోనికి తీసికొని అటునిటు త్రిప్పి చూచినది. చదువు రాదు గావున కొడుకుచేత చదివించినది. వేయించిన తేదీ కలదు, సముద్రమట్టమునుండి యెత్తు కలదు, రుచిలో ఏయే పండ్లు తోచునో కలదు, అరకు అను పేరు పెద్దయక్షరములలో కలదు.

"ఇది ఏ ఊరి తోటది, మాస్టారూ?" అని యామె యడిగినది.

సంచిని మేమును తీసికొని కండ్లద్దములు పెట్టుకొని నాలుగువైపుల చూచితిమి. ఊరిపేరు లేదు.